వెనుక చక్రంలో గాలి

పెనుమూడి, 1973 మార్చి, గురువారం రాత్రి.

ఈ ఉదయం కూడా నా సైకిలు వెనుక చక్రంలో గాలి లేదు. ముల్లు గుచ్చుకోలేదు, ఎవరో వాల్వు వదులు చేశారు.

నడవమనీ, సైకిలు తొక్కమనీ తెనాలి డాక్టరు చెప్పినందుకే ఈ మడుగుల మధ్యనున్న సాంబయ్యగారి పొలం మకాంలో దిగాను. ఆయన "సార్" అని పిలుస్తుంటే, రాత్రి కాలేజీలో చదివి సంపాదించిన నా బి.ఏ.కి దక్కిన గౌరవమనుకున్నాను. కాని గాలి కొట్టే పంపు అడిగితే లేదంటారు. నేను పొలం గట్ల మీదికి వెళ్తే ఎవరో ఒకరు వెంట వస్తారు. వీరేదో దాస్తున్నారని అనుమానం బలపడింది.

రాత్రి వడ్డిస్తూ ఆయన భార్య అడిగింది.

"ఏంటన్నయ్యగారూ, పనేం లేకుండా ఎండలో గట్లంట తిరుగుతారా ఎవరైనా?"

"ఆరోగ్యం కోసమమ్మా."

"మాకు తెలుసులెండి. ఆ లంక చేను మా మరిది పేరునే ఉందండి. సీలింగోళ్లకి అలాగే రాయండి."

అప్పుడు అర్థమైంది. ఎక్కువ భూమి ఉన్నవారి నుంచి తీసుకునే కొత్త చట్టం కోసం రహస్యంగా పొలాలు కొలవడానికి వచ్చానని వీరి నమ్మకం. కాదని గట్టిగా చెప్పాను. సాంబయ్యగారు వినయంగా తలూపి, "అవునండి సార్, అవునండి" అంటూ నా విస్తరిలో మరో చేప ముక్క వేయించారు.

ఆ "సార్" నా చదువుకు కాదన్నమాట.

రేపు వెళ్లిపోతే రిపోర్టు ఇవ్వడానికే వెళ్లాననుకుంటారు. ఉంటే చక్రంలో గాలి ఉండదు. సైకిలును గదిలోకి తెచ్చి మంచానికి ఆనించుకున్నాను. బయట అరుగు మీద సాంబయ్యగారి దగ్గు వినిపిస్తోంది. ఆయనా నిద్రపోలేదు...