కంప్యూటర్‌కి పరభాష పట్టింది

చిరంజీవి బుల్లికి, మేనత్త దీవెనలతో రాయునది.

ఇక్కడ నేను క్షేమం, కంప్యూటర్ కాదు. పొద్దున కొట్టు తెరిచి బల్ల తుడుస్తూ కీబోర్డు మీద కూడా గుడ్డ వేశాను. తలెత్తి చూస్తే తెర నిండా ముక్కూ మొహం తెలియని లిపి. ఎక్కడ నొక్కినా ఏదో అడుగుతోంది. బడివాళ్ళ పరీక్ష పేపర్లు టైపు చేసి ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ పని పక్కవీధి టైపింగ్ కొట్టుకి పోతుంది. నువ్వు కంప్యూటర్ల ఆఫీసులో ఉన్నావు కదా, ఏం చేయాలో రాయి. ఫోన్లో చెబితే నాకు తలకెక్కదు. కాగితమైతే ఎదురుగా పెట్టుకుని చేస్తాను.

నీ అత్త

తా.క. ఎదురు కొట్లో వాచీలు బాగుచేసే పెద్దమనిషి కిటికీలోంచి చూసి నవ్వాడు. నా బోర్డు ఆయన వెలుతురుకి అడ్డమని గొడవైనప్పటి నుంచీ మాకు మాటల్లేవు. నవ్వులు మాత్రం ఉన్నాయన్నమాట.

---

ప్రియమైన అత్తకి,

కంగారు పడకు. భాష మారిపోయింది, అంతే. సెట్టింగుల పళ్ళచక్రం వెతుకు. 'భాష, ప్రాంతం' అని ఉంటుంది, అక్కడ ప్రాంతం మార్చు. తర్వాత బయటికి వచ్చేసి, మళ్ళీ లోపలికి వెళ్ళు. సరిపోతుంది.

నీ బుల్లి

తా.క. ఇకమీదట గుడ్డ బల్ల మీదే వెయ్యి.

---

బుల్లికి ఆశీస్సులు.

పళ్ళచక్రం కోసం బల్ల కింద కూడా వెతికాను, దొరకలేదు. మిగతావన్నీ పొల్లు పోకుండా చేశాను. ప్రాంతం మార్చాను: పాలవాడి సాయంతో కంప్యూటర్‌ని ముందు గదిలోంచి వంటింటి పక్క గదికి చేర్చాను. తర్వాత బయటికి వచ్చి, తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ లోపలికి వెళ్ళాను. దానిలో మార్పేమీ లేదు. నాకే కాస్త ఆయాసం వచ్చింది.

మీ అత్త

తా.క. ప్లగ్గు ఖాళీ లేక ఫ్రిజ్‌ది పీకేశాను. పాలు విరిగిపోయాయి. పాలవాడు అంత ఉత్సాహంగా సాయం చేసింది ఇందుకేనేమో.

---

అత్తా,

నవ్వినందుకు కోప్పడకు. ప్రాంతం అంటే గది కాదు. ఏ ప్రాంతంవాళ్ళ భాషలో, పద్ధతిలో అంతా చూపించాలో కంప్యూటర్‌కి చెప్పడం. పళ్ళచక్రం తెర మీద ఉండే బొమ్మ. బయటికి రావాల్సింది కంప్యూటర్‌లోంచి. అయినా ఆ లిపి చదవగలిగే మనిషి పక్కన లేకుండా నేనెంత రాసినా లాభం లేదు. ఆ అక్షరాలు కాగితం మీదకి దించి, వీధిలో ఎవరికైనా వచ్చేమో కనుక్కో.

బుల్లి

తా.క. ముందు ఫ్రిజ్ ప్లగ్గు పెట్టు.

---

బుల్లికి,

వీధంతా చూపించాను. మందుల షాపు అమ్మాయి అది డాక్టరు చీటీ అనుకుని అలమారలో మందు వెతకబోయింది. చివరికి మిగిలింది వాచీల ఆయన. తప్పక వెళ్ళాను. అది ఆయన మాతృభాష అట. ఇన్నేళ్ళు ఎదురెదురుగా ఉండీ నాకు తెలియదు. కంట్లో భూతద్దం తీయకుండానే వచ్చి కూర్చున్నాడు. "పాపం, ఇది మిమ్మల్ని చాలా మర్యాదగా అడుగుతోందండీ, భాష మార్చమంటారా అని" అన్నాడు. నేనేమో పొద్దస్తమానం దాన్ని తిడుతున్నాను.

బడి పేపర్లు వేళకి ఇచ్చేశాను. కానీ మర్నాడు సాయంత్రానికి భాష మళ్ళీ మారిపోయింది. ఆ తర్వాతా అంతే. రోజూ ఆయన వచ్చి బాగుచేయాల్సి వస్తోంది.

అత్త

తా.క. ఆయన టీలో చక్కెర వేసుకోడు.

---

అత్తా,

నాకు భయంగా ఉంది. భాష దానంతట అది రోజూ మారదు. ఎవరో కావాలనే మారుస్తున్నారు. పాత గొడవ మనసులో పెట్టుకుని ఆ పెద్దమనిషే చేస్తున్నాడని నా అనుమానం. ఆయన్ని కీబోర్డు ముట్టనివ్వకు. శనివారం నేనే వచ్చి తేలుస్తాను.

బుల్లి

తా.క. టీ కూడా ఇవ్వకు.

---

నా బంగారు బుల్లికి,

ప్రయాణం పెట్టుకోకు. ఆ మనిషిని ఒక్క మాట అనకు. మారుస్తున్నది నేనే.

ఆయన చేస్తుంటే చూసి మొదటి రోజే నేర్చేసుకున్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చగలను. కొట్టు కట్టేసే వేళకి ఆయన భాషలో పెట్టేసి, కిటికీ దగ్గర దిగాలుగా నిలబడతాను. ఆయన పనిముట్లు సర్దుకుని వీధి దాటి వస్తాడు. మీ మామయ్య పోయాక సాయంత్రాలు నాతో మాట్లాడే దిక్కు లేదని నీకెప్పుడూ రాయలేదు. రాస్తే బెంగపడతావని.

ప్రేమతో, అత్త

తా.క. నిన్న పని హడావిడిలో మార్చడం మరిచిపోయాను. ఆయన రానే వచ్చాడు. తెర మీద అంతా మన భాషలోనే ఉంది. ఆయన తాపీగా కుర్చీ లాక్కుని, పళ్ళచక్రం నొక్కి, తనే తన భాషలోకి మార్చేసి, "మళ్ళీ పాడైందండీ. ఇవాళ చాలాసేపే పట్టేట్టుంది" అన్నాడు.