చూపిస్తానన్న ఖిల్లా

బతికున్నన్నాళ్లూ నిన్ను ‘మీరు’ అన్నాను. ఇవాళ ఒళ్లు మండుతోంది, ‘నువ్వు’ అనే రాస్తాను.

నీ రిటైర్మెంటుకని ఇద్దరం అనుకున్న స్కాట్లాండ్‌కి, నువ్వు పోయిన ఏడాదికి ఒక్కదాన్నే వెళ్లాను. పల్లెల్లో నాలుగు కోటలు ఎక్కి, రాజధాని ఎడిన్‌బరోలో మూడు రోజులు తిరిగాను. దిగిన ప్రతి గదిలోనూ రెండు కప్పులు పెట్టారు. రెండిట్లోనూ నేనే చాయ్ తాగాను.

ముప్పై ఏళ్లు, కోట చూడాలని ఉందంటే ఏమన్నావు? “ఖమ్మంల ఖిల్లా లేదా? ఈ ఐతారం తీస్కపోత తియ్.” ప్రతి ఆదివారమూ బొగ్గుగనిలో డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నావు.

నిన్న సత్తుపల్లికి తిరిగొస్తూ, ఖమ్మంలో ఆ ఖిల్లా ఉన్న కొండకేసే చూస్తున్నాను. కారు డ్రైవరు అడిగాడు, “ఖిల్లా సూస్తరా అమ్మా, ఆపాల్నా?”

“వద్దు, పోనియ్,” అన్నాను. “అది మా ఆయన చూపిస్తనన్నడు.”