నవమి వెళ్ళేదాకా

సెప్టెంబరు 28, శనివారం

మధ్యాహ్నం ఓబుళేసు గారింట్లో. డాక్టర్లు ఆయనకు చికిత్స ఆపివేశారు; ఇకపై నొప్పికి మాత్రలే. ఆ మాట ఆయనే చెప్పి, వెంటనే బల్ల మీద మ్యాపు పరిచారు. మేముంటున్న రెజైనాకు పడమరగా నాలుగు గంటల దారి — గ్రేట్ శాండ్ హిల్స్. గడ్డి మైదానాల నడుమ ఒక ఎడారి. ముప్ఫయ్యేళ్ళు ఈ దేశపు నేల పొరలు చదివిన మనిషి, అక్కడికి మాత్రం పోలేదట.

"మా కణేకల్లు పక్క ఇసుక నడుస్తాది సామీ. ఈ ఏడు గట్టు మీదుంటే వచ్చే ఏటికి మా నాయన చేన్లో ఉంటాది. ఈడ గూడా నడుస్తాదంట. సచ్చేలోపల చూడల్ల."

రాజమ్మ గారు వంటింట్లోంచి — "ఆ మాట అనొద్దని చెప్తినా లేదా?"

"ఏ మాట? చూడల్ల అనేదా?"

భార్యాభర్తలు నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 30

సుధ ఒప్పుకుంది. "థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్ అయితే నాకు లీవు కూడా అక్కర్లేదు నాన్నగారూ. ఒక నైట్ స్టే బుక్ చేసేస్తా. గ్రౌండ్ ఫ్లోరే అడుగుతా, అంకుల్ మెట్లెక్కలేరు కదా." పన్నెండున పోయి పదమూడున రావడం. నా కూతురు నా కంటె ముందుచూపు గలది.

అక్టోబరు 3

చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడుతుంది — మడత కుర్చీ. రెండు కంబళ్ళు. వేడినీళ్ళ ఫ్లాస్కు. ఆయనకు బొరుగుల ఉగ్గాని కావాలట. ముద్ద మింగలేరు. "వాసన చూసుకుంటా, నీకేం కష్టం?" అని రాజమ్మ గారితో.

నలభై ఏళ్ళు భాషాపండితుడిగా మరుభూమి అన్న మాటకు పిల్లలకు అర్థం చెప్పాను. ఒక్కనాడూ చూచినవాణ్ణి కాను. ఈ వయసులో, ఈ శీతల దేశంలో...

నవరాత్రులు మొదలు. ఉదయపు పారాయణం ఆయన పేర. ఆయనకు చెప్పలేదు. చెబితే, "దేవునికి నా అడ్రస్సు ఎందుకిచ్చినావు?" అంటారు.

అక్టోబరు 9

ప్రయాణవేళ గురించి వాదం.

"తెల్లారి ఆరుకు పోదాం. పొద్దున మాత్ర ఏసుకుంటే మధ్యాన్నం దాకా నేను రాజు. ఆమైన మనిషినే కాదు."

పంచాంగం విప్పాను — ఏటేటా రాజమండ్రి నుండి మేనల్లుడు పంపేది. శనివారం పగలు పది యాభై ఎనిమిది వరకు నవమి, తరువాత విజయదశమి. నవమి ప్రయాణం కూడదన్నాను. పదకొండు దాటితే, అంతకు మించిన ముహూర్తం ఏడాది మొత్తంలో లేదన్నాను.

"ఇసుకకు నవమీ దశమీ తెలుస్తాదా?"

"మనకు తెలుసు కదండీ."

ఆయన మ్యాపు మడిచి పక్కన పెట్టారు. "అల్బర్టాలో ఇసుకలోంచి నూనె తీసినోణ్ణి. నీలోంచి ఐదు గంటలు తీయలేకపోతిని. సరే, కానీ. నీ తృప్తి."

గెలిచాననుకున్నాను.

అక్టోబరు 11

సామాను కారులో చేరింది. ఫోనులో ఆయన కంఠం పాతికేళ్ళవాడిలా...

అక్టోబరు 12

పదకొండూ పదికి బయలుదేరాము. కోతలైన పొలాలు; దారి పొడుగునా మోడుగడ్డి మెరుపు. మొదటి గంట ఆయన ఒకటే మాటలు — కొండలు అరిగి ఇసుక కావడం, ఇసుకకు గాలి కాళ్ళు కావడం. రెండవ గంట వినడం. మూడవ గంటలో కళ్ళు మూసుకున్నారు.

స్విఫ్ట్ కరెంట్ దాటాక నొప్పి. మాత్ర వేసినా ఆగలేదు. సుధ రోడ్డు పక్కన ఆపింది. ఆయన చేయి నా మోకాలిని పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ...

"ఇంకెంత దూరం పాపా?"

"గంటన్నర అంకుల్."

కిటికీలోంచి పడమరకు చూచారు. "తిప్పు."

వెనుకటి ఊరి ఆసుపత్రి. అక్కడి నుండి అంబులెన్సులో రెజైనా.

ఆరింటికి బయలుదేరి ఉంటే పదిన్నరకల్లా ఇసుక మీద ఉండేవారు.

అక్టోబరు 13

ఆసుపత్రి. మూసిన కళ్ళు. పారాయణం నోటికి రాలేదు.

అక్టోబరు 15

ఉదయం ఒకావిడ ఫోను చేసింది. వచ్చే నెల తండ్రి తద్దినం. తిథి ఏ రోజుకు వస్తుందని. పంచాంగం తీశాను. ఎప్పటివలెనే పదకొండున్నర గంటలు తీసివేసి చెప్పాను — అక్కడి గడియారానికీ మన రెజైనాకూ అంత తేడా, ఏడాది పొడుగునా అంతే. చెప్పి ఫోను పెట్టాను. చేయి పేజీ మీదనే ఉండిపోయింది.

శనివారానికి తీసివేయలేదు.

పదేళ్ళుగా ఈ ఊరిలో అందరికీ తీసివేసి చెప్పినవాణ్ణి. నా మిత్రునికి అచ్చు అంకె చదివి వినిపించాను. నవమి ఇక్కడ శుక్రవారమే గతించింది. శనివారం తెల్లవారు జామున, ఆయన కోరిన ఆరు గంటలకు, దశమి. నేను పట్టుబట్టిన ఆ విజయదశమే.

అక్టోబరు 16

ఆసుపత్రికి వెళ్ళాను. కూర్చున్నాను. చెప్పలేదు.

అక్టోబరు 17

వ్యాధిగ్రస్తునికి నియమాలు వర్తించవని శాస్త్రమే అంటుంది. తరగతిలో చెప్పిన మాట. ఆనాడు అదైనా గుర్తు రాలేదేమి? ఆయన రోగి అని ఒప్పుకోవడం ఇష్టం లేకనా? లేక పంచాంగం నా చేతిలో ఉన్నంతసేపూ కాలం నా మాట వింటుందన్న భ్రమా?

అక్టోబరు 18

చెప్పాను. నిలబడే చెప్పాను.

మొదట ఆయనకు అర్థం కాలేదు. తరువాత పెదవులు కదిలాయి. నవ్వు — దగ్గుగా మారే నవ్వు. "అంటే... ఆరింటికి దశమేనా? నేను చెప్పిన టైమే మంచిదని మీ శాస్త్రం గూడా ఒప్పుకునె! ఏమ్మే, వింటివా? సామి ఓడిపాయ."

రాజమ్మ గారు నవ్వలేదు. దుప్పటి అంచు సరిచేస్తూ, నా ముఖం చూడకుండా అన్నారు: "ఆ పొద్దు ఆరింటికే బూట్లేసుకొని తలుపు కాడ కూర్చున్యాడన్నా. నువ్వొచ్చేదాకా. తియ్యమంటే తియ్యలే."

నేను క్షమాపణ కోరలేదు.

ఆయనే చేయి ఊపి దగ్గరకు రమ్మన్నారు. "రేపు నువ్వు పోయిరా. పంచాంగం చూడాకు. ఇసుక ఎట్లుందో చూసి నాకు చెప్పు. పద్యం వద్దు సామీ. ఉన్నదున్నట్టు."

అక్టోబరు 19

చీకటి విడవకముందే సుధా నేనూ. ఏ తిథో చూడలేదు. చేరేసరికి పది.

ఉన్నదున్నట్టు —

రంగు బంగారం కాదు. పాత గోనెసంచి రంగు. పైన పొడి, వేలెడు లోతున తడి, చల్లన. మీద జింక గిట్టల గుర్తులు, వాటి అంచులు అప్పుడే రాలుతున్నాయి. గాలి వచ్చినప్పుడు శిఖరం మీది నుండి ఇసుక పలుచగా లేచి అవతలి వాలున పడుతుంది. ఒక ముళ్ళపొద సగం పూడింది. మిగిలిన సగానికి ఎర్రని కాయలు. చెవి ఆనిస్తే సన్నని చప్పుడు. ఉపమానాలు తోస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వెనక్కు పంపాను.

దిబ్బల వద్ద ఫోను పలకదు. సాయంత్రం బసకు వచ్చాక రాజమ్మ గారికి చేశాను. "నిద్రపోతాండాడన్నా. పొద్దుటి నుంచీ నిద్రే. లేస్తే నేనే చేస్తా."

అక్టోబరు 20

ఎనిమిది. రాజమ్మ గారి ఫోను రాలేదు.

తొమ్మిదిన్నర. "మనమే చేద్దామా నాన్నగారూ?" వద్దన్నాను. లేచాక చేస్తానన్నారు కదా.

చెప్పవలసినవి ఒక క్రమంలో పెట్టుకున్నాను. ముందు పొద గురించి. సగం పూడినా కాయలున్నాయని. కాదు — ముందు, అది నడుస్తోందని.

పదింబావు. పదకొండుకు గది ఖాళీ చేయాలి. సుధ తాళాలు పట్టుకొని గుమ్మంలో నిలుచుంది. కాసేపు దిబ్బల దాకా పోయి వద్దామా అన్నాను.

"అక్కడ సిగ్నల్ ఉండదు కదా నాన్నగారూ."

ఉండదు, అన్నాను. అక్కడున్నంతసేపూ ఆయన నిద్రలోనే ఉంటారు.

చెప్పులు తొడుక్కుంటున్నాను...