బానెట్ మీద ఉబ్బు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న పేపర్లో మీ కంపెనీ వేయించిన ఫోటో చూశాను. మా పాత స్పోర్ట్స్ కారుకి కొత్త రూపమట! అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ముప్ఫై ఏళ్ళుగా సొట్టలు పడ్డ రేకులు సాగ్గొట్టే షెడ్డు నడుపుతున్నవాణ్ణి. పాత కార్ల సంఘానికి అధ్యక్షుణ్ణి. సంఘం మొత్తమ్మీద సుత్తి దెబ్బ తగలని అసలు సిసలు కారున్నది నా ఒక్కడికే. ఆ మాత్రం ఏడిచే హక్కు నాకుందా లేదా?

సాయంత్రం సంఘంలోని పదకొండుమందిమీ షెడ్డులో కూలబడ్డాం. కారు ముందున్న జాలీ చూస్తే రెండు పళ్ళు పీకెయ్యాలనిపిస్తోందన్నాడు పళ్ళ డాక్టరు. నడుం దగ్గర వదులుగా కుట్టారన్నాడు టైలరు. గుండ్రటి దీపాలు తీసేసి చీలికలు పెట్టినందుకు హెడ్మాస్టరు అరగంట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా అరగంట ఉండడం ఇదే మొదటిసారి.

ఇవన్నీ ఒక ఎత్తు, బానెట్ మీద ఉబ్బు ఒక ఎత్తు. ఎడమ దీపానికి జానెడు పైన, పంటి నొప్పికి చెంప వాచినట్టు! ఏ గుడ్డివాడు గీశాడురా అది? నువ్వు అక్కడ రంగుల విభాగంలోనే కదా ఉన్నావు, కాస్త కనుక్కుని రాయి.

ఇట్లు,
గుండె పగిలిన మీ బావ

తా.క. మీ అక్క ఆ ఫోటో చూసి, "అబ్బ, మన కారు ఎంత బాగా పడిందండీ!" అంది. పొద్దుట్నుంచి మా మధ్య మాటల్లేవు.

---

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మడిచి పెట్టేశాను.

ఆ బానెట్ గీసినవాడు నాకు తెలుసు. పాపం, నెమ్మదస్తుడు. దీపాలు పైవాళ్ళ ఇష్టప్రకారం పెట్టారు. తలుపులు చట్టం కోసం మార్చారు. అతని చేతిలో మిగిలింది బానెట్ ఒక్కటే. రెండేళ్ళు దాన్నే కళ్ళలో పెట్టుకుని చేశాడు. మీరు దేన్నయినా తిట్టండి, చక్రాల్ని తిట్టండి, సీట్లని తిట్టండి, బానెట్ జోలికి మాత్రం పోకండి. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అతనికి ఆ ఉబ్బు ఉబ్బులా కనపడదట. చిన్నప్పట్నుంచి చూసిన కారు అలాగే ఉండేదంటాడు.

---

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ జాలి తగలెయ్య! చిన్నప్పట్నుంచి చూశాడా? ఏ పాత సామాన్ల దొడ్లో చూశాడట?

సంఘం అత్యవసరంగా కూర్చుంది. దీపాల మీద తీర్మానం కుదర్లేదు. జాలీ దగ్గర టైలరూ డాక్టరూ కాలర్లు పట్టుకున్నారు. చివరికి ఉబ్బు ఒక్కదాని మీదే పదకొండు సంతకాలూ పడ్డాయి. మీ డైరెక్టరుకి నేరుగా పంపించేశాం. "అసలు బానెట్ అద్దంలా నున్నగా ఉండేది. అనుమానముంటే అధ్యక్షులవారి కారు చూసుకోవచ్చు. ఆ ఉబ్బు చెక్కెయ్యండి. గీసినవాణ్ణి తక్షణం ఇంటికి పంపెయ్యండి" అని రాశాం. ఆ ఆఖరి వాక్యం నాదే.

ఇట్లు,
కాస్త తెరిపిన పడ్డ మీ బావ

తా.క. ఆ మహానుభావుడు ఎవరో రాయి, విడిగా ఒక ఉత్తరం పడేస్తాను. మీ అక్క మాత్రం, "ఊరుకోండి, పాపం ఎవరి తమ్ముడో ఏమో" అంటోంది.

---

బావగారికి,

అక్క తమ్ముడే.

రంగుల విభాగం అని ఎందుకు చెప్పానంటే, కొత్త కారు బయటికొచ్చాక మీ చేత భేష్ అనిపించుకుని అప్పుడు చెబుదామని. ఆ సరదా తీరిపోయింది.

కంపెనీలో పాత కారు ఒక్కటీ లేదు బావా. పాత డ్రాయింగులన్నీ చెమ్మకి ముద్దయిపోయాయి. అందుకే రెండేళ్ళ కిందట మీ ఇంటికొచ్చి మూడు రోజులున్నాను. మీ కారు మీద పల్చటి కాగితాలు పరిచి, ప్రతి వంపూ దింపుకున్నాను. మీరేమో "వీడికి కారంటే ప్రాణం" అని మురిసిపోయారు. ఇక్కడ బంకమట్టితో అసలు కారంత నమూనా చేస్తాం. దాని మీద ఉన్న బానెట్ మీ కారుదే, వెంట్రుకవాసి తేడా లేదు.

డైరెక్టరు మీ ఉత్తరం నా ముందు పెట్టాడు. ఆ ఉబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో శనివారంలోగా రుజువు చూపించాలట. లేకపోతే బల్ల తాళాలు ఇచ్చేసి వెళ్ళాలట. మీరు నిజం రాస్తే మీ కారుకి సుత్తి తగిలిందని సంఘానికి తెలిసిపోతుంది. రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యమనడానికీ నాకు నోరు రావడం లేదు.

ఇట్లు,
ఆ గుడ్డివాడు

తా.క. నమ్మకం లేకపోతే, కళ్ళు మూసుకుని ఎడమ దీపానికి జానెడు పైన అరచెయ్యి పెట్టి చూడండి.

---

చిరంజీవి బావమరిదికి,

పెట్టాన్రా. చెయ్యి పెట్టాను. ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట, బట్టల కొట్టు అద్దంలో నా కారు ఎంత బాగుందో చూసుకుంటూ పోయి స్తంభానికి గుద్దాను. షెడ్డు తలుపులేసుకుని రెండు రోజులు సాగ్గొట్టాను. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ తుడిచే చెయ్యి కదా, దానికి ఆ ఉబ్బు అలవాటైపోయింది.

నిన్న సంఘాన్ని పిలిచి, కారు ముందు నిలబెట్టి అంతా కక్కేశాను. నా పదవికంటే నీ ఉద్యోగం ఎక్కువ కాదురా? టైలరు మెల్లిగా లేచి బయటికెళ్ళి తన కారు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తర్వాత డాక్టరు. తర్వాత హెడ్మాస్టరు. వీధిలో వరసగా నిలబడి, కళ్ళు మూసుకుని, పదిమందీ తడుముకుంటున్నారు.

పదింటికీ ఉంది. అక్కడే. జానెడు పైనే.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా కారు బాగు చేశాక ఆ బానెట్ కొలతతోనే ఒక చెక్క దిమ్మ చేసుకున్నాను. ఆ తర్వాత ఎవరి బానెట్ సొట్టపోయినా దాని మీదే కొట్టాను. అసలు ఆకారం తప్పకూడదని!

ఒక్కడు కూడా తిట్టలేదురా. తిట్టినా బాగుండేది. హెడ్మాస్టరే ముందుకొచ్చి, "పదకొండు కార్లకీ ఉన్నప్పుడు ఉబ్బు అసలుదే అవుతుంది" అన్నాడు. వెంటనే తీర్మానం. ఆ ఉబ్బు అసలుదేనని, కొత్త కారులో సరిగ్గా ఉన్నది అదొక్కటేనని, గీసినవాణ్ణి వదులుకోవద్దని రాసి పదకొండుమందిమీ సంతకాలు పెట్టాం. ఆ కాగితం, ఈ ఉత్తరం పట్టుకుని డాక్టరు రేపే బయల్దేరుతున్నాడు. కాగితం మీ డైరెక్టరు చేతికి, ఉత్తరం నీ చేతికి. శుక్రవారానికల్లా అక్కడుంటాడు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు.

నా పదవి కూడా ఉంచారు. నన్ను తీసేస్తే వాళ్ళ కార్లు ఏమైపోతాయి మరి? కానీ ఏం లాభం? ముప్ఫై ఏళ్ళుగా అసలు, అసలు అని గొంతు చించుకున్నాం. ఆ అసలుది ఎలా ఉండేదో తెలిసినవాడు ఇక లోకంలో ఒక్కడూ మిగల్లేదు. ఉన్న కాస్తా నేనే నా చేత్తో కొట్టి చంపేశాను.

ఇట్లు,
పదకొండు బానెట్ల పాపం మోస్తున్న మీ బావ

తా.క. మీ అక్క మళ్ళీ మాట్లాడుతోంది. ఒకటే మాట, పొద్దుట్నుంచి: "ఫోటో చూసిన రోజే చెప్పానా, అది మన కారేనని?"