బోర్డు దాటని ఎర్ర కారు

కొలిపాక సాంబమూర్తి అనే నేను, కీర్తిశేషులు సాయిలు కుమారుణ్ని, వయస్సు అరవై నాలుగేళ్లు, బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్‌గా రిటైరై ఇల్లందులో ఉంటున్నవాణ్ని, నా ఇష్టపూర్వకంగా రాయించి ఇస్తున్న వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు పాడైనాయి గాని బుద్ధి సరిగానే ఉంది. కారు కొన్ననాడు కూడా సరిగానే ఉందా అని నా కొడుకు అడుగుతుంటాడు. ఆ సంగతి కింద తేలుతుంది. ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ నా మీద లేవు. ఆక్సిజన్ మిషను పక్కన పెట్టుకుని మంచం మీద నుంచే చెబుతున్నాను, దస్తావేజు లేఖరి ఉదయ్ భాస్కర్ గారు రాస్తున్నారు.

1. ఇల్లందులోని రేకుల ఇల్లు, దాని స్థలం, బ్యాంకులో నా పేర మిగిలినది ఎంతైతే అంత, నా తదనంతరం నా భార్య బతుకమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఈ ఇంటికి స్లాబు వేయిస్తానని ఆమెకు మాట ఇచ్చాను. కంపెనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ అదే మాట చెప్పాను. తీరా రిటైర్మెంటు డబ్బు చేతికి వచ్చాక కారు కొన్నాను. ఆనాటి నుంచి ఆమె నాతో నేరుగా మాట్లాడలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా, ఇంకెవరో ఉన్నట్టు, “అన్నం పెట్టిన, తినుమని చెప్పుండ్రి” అంటుంది. మూడేళ్లుగా ఆ కనబడని మనిషి ద్వారానే నాకు కబుర్లు అందుతున్నాయి.

2. నా పేర ఉన్న ఎర్ర రంగు, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు గురించి కొంచెం వివరంగా రాయించక తప్పదు. దాన్ని ఎవరికి ఇచ్చినా కష్టమే ఇచ్చినట్టు.

ముప్పై ఒక్క ఏళ్లు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపాను. మేడంత ఎత్తున కూర్చోవాలి, వేగం పాతిక దాటితే మెమో ఇస్తారు. నేలకు ఆనుకుని కూర్చుని, ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా పోవాలని ఉండేది. పక్క సీటులో బతుకమ్మ ఉండాలి. కొత్త బండైతే దిగుమతి సుంకమే ఇంకో బండి ధరంత పడుతుందని నా కూతురు రోజారాణి ఫోనులో చూసి చెప్పింది. పాతదైతే ఆ సుంకం మొదటివాడే కట్టి ఉంటాడు, ఎవరో వేసిన పందిట్లో మనం భోంచేసి రావచ్చు అనుకున్నాను.

మూడు చూశాం. హైదరాబాదులో తెల్లది, పన్నులన్నీ కట్టి ఉంది, ధర నాకు అందలేదు. ఢిల్లీ నంబరుతో ఉన్న నల్లదాని సీటు కింద చెయ్యి పెడితే వరద మట్టి తగిలింది. బురదలోనే బతికినవాణ్ని, దాన్ని నాకు అంటగట్టలేరు. మూడోది విజయవాడలో ఈ ఎర్రది, ఆంధ్రా నంబరు. ఇంజను చప్పుడు వినగానే నా బేరం అయిపోయింది.

తెలంగాణకు తెచ్చుకుంటే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలన్నారు. సరిహద్దు అవతలి ఊరికి ఇల్లరికం పోయిన నా బావమరిది బలరాం, తనకు తెలియనిది లేదనుకునేవాడు, “బావా, లైఫ్ ట్యాక్స్ అంటే నీ లైఫ్‌కు కట్టుడే. అరవై దాటినోనికి ఏం పడ్తది?” అన్నాడు. నమ్మాను. పెన్షనూ బీమా అన్నీ వయసు చూసే లెక్కగట్టారు, ఇదీ అంతే అనుకున్నాను. సర్వీసు పుస్తకం, ఛాతీ ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు పోయాను. కౌంటరులో అమ్మాయి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసింది. నవ్వలేదు, పాపం. లైఫ్ అంటే బండిదని, పన్ను కూడా ఇవాళ్టి ధర మీద కాదు, కొత్తగా ఉన్ననాటి ధర మీద అని నెమ్మదిగా చెప్పింది. అంటే ఎవరో కట్టిన దిగుమతి సుంకం మీద కూడా నేను పన్ను కట్టాలి. లైఫ్ అయిపోయిన డంపర్లను ఎన్నిటినో తుక్కుకు తోలి వచ్చిన నాకు, లైఫ్ బండికి ఉంటుందని తట్టలేదు. ఆ పన్ను కట్టడం నా వల్ల కాలేదు.

3. కాబట్టి కారు ఇప్పటికీ సరిహద్దు అవతలే, బలరాం పొగాకు కాల్చే బ్యారన్ కొట్టంలోనే ఉంది. ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి, వేంసూరు దాటి, దిగి నడిచి పోయేవాణ్ని. అక్కడి నుంచి తెలంగాణ సరిహద్దు బోర్డు దాకా నాలుగు కిలోమీటర్లు. బోర్డు దగ్గర తిప్పుకుని వెనక్కి. గుంతల్లో బండి అడుగు నేలకు తగులుతుందని ఇరవై దాటనిచ్చేవాణ్ని కాదు. డంపరే నయం. పక్క సీటుకు అమ్మినవాడు వేసిన ప్లాస్టిక్ కవరు ఉంది, బతుకమ్మ వచ్చిననాడు తీద్దామని అట్లాగే ఉంచాను. అమ్మజూస్తే ఇవతలివాడికి పన్ను భయం, అవతలివాడికి రిపేరు భయం. డాక్టరు ప్రయాణం వద్దన్నప్పటి నుంచి, ఏడు నెలలుగా, దాన్ని స్టార్టు చేసిన దిక్కు లేదు. తెచ్చుకోలేను, అమ్ముకోలేను, పోయి చూసుకోలేను. ఇంత చేతగానివాణ్ని అవుతానని అనుకోలేదు.

4. కారు మీద కప్పిన బరకం బలరాంకు చెందుతుంది. మూడేళ్లు కిరాయి అడగలేదు కాబట్టి అదైనా ఇస్తున్నాను.

5. నా కొడుకు భానుకు మోటారు సైకిలు. కారును విడిభాగాలుగా అమ్ముదామని అంటాడు. అతను చెప్పేది తప్పని నేను నిరూపించలేను, అందుకే కారు అతనికి ఇవ్వడం లేదు.

6. నా గని హెల్మెట్ భూక్యా గోప్యాకు. ఒకనాడు బ్రేకు పడక నా డంపర్ జారితే, తన డంపర్ అడ్డం పెట్టి ఆపాడు. మెమో ఇద్దరికీ వచ్చింది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే.

7. కారు నా కూతురు రోజారాణికి చెందాలి. అమ్మితే వచ్చింది ఎంతైనా స్లాబుకే పెట్టాలి. షరతు ఒక్కటే: అమ్మే ముందు ఒక ఆదివారం, పక్క సీటులో వాళ్లమ్మను కూర్చోబెట్టుకుని బోర్డు దాకా పోయి రావాలి. బతుకమ్మ ఎక్కదు, నాకు తెలుసు. బలవంతపెట్టవద్దు. ఎక్కకపోతే ఆ సీటు ఖాళీగానే ఉంచి, ప్లాస్టిక్ తీయకుండా, మెల్లగా పోయి రావాలి.

8. పై ఏడు నిబంధనలూ లేఖరి గారు చదివి వినిపిస్తుంటే బతుకమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. విని, ఆ కనబడని మనిషితో కాదు, లేఖరి గారితో కాదు, నా మొహం చూసి, “ఆ డోరు ఎట్ల తీస్తరో నాకు తెల్వది. నువ్వు ఎన్నడన్న చూపిచ్చినవా?” అన్నది.

మంచం దిగి చూపించే శక్తి ఇప్పుడు నాకు లేదు. కనుక సంతకానికి ముందే ఈ నిబంధన చేర్పిస్తున్నాను. డోరు తీయవలసింది భాను. పిడి తలుపులోకి కలిసిపోయి ఉంటుంది, బొటనవేలితో వెనకవైపు నొక్కితే ముందువైపు లేస్తుంది. సీటు బాగా కిందికి ఉంటుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. ప్లాస్టిక్ ముందే తీసేయండి.

ఇల్లందు, 14 నవంబరు 2025.

చేవ్రాలు: కొలిపాక సాంబమూర్తి

సాక్షులు:
బానోతు బిచ్యా, రిటైర్డ్ ఫిట్టర్
గుగులోతు మోతీ, పక్కింటివారు