సర్పగంధిని కాపాడబోయి

జూలై 6, ఆదివారం
కొండ ఎక్కాను. మా అపార్ట్‌మెంట్ వెనక కొండ — సీతమ్మధారలో ఇంకా ఎవరూ ప్లాట్లు వెయ్యని ముక్క. బండ పక్కన సర్పగంధి. ఒక్కటే. ఎర్రటి కాడలు, తెల్లటి పూలు. కాలేజీలో ఇన్నేళ్ళు బోర్డు మీద గీసిన మొక్కను నేల మీద చూడడం ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది, సంతోషంతో.

సాయంత్రం
అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. అంతరించిపోయే ప్రమాదంలో ఉంది, బండ పక్కనే ఉంది, కాపాడుకుందాం అని. సెక్రటరీ అప్పలరాజు గారి వాయిస్ మెసేజ్ — "బాగుంది మాస్టారూ. ఇంతకీ అది దేనికి పన్సేత్తాదేటి?"
అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. పూర్వం దీని వేరుతో బీపీకి మందు చేసేవారు అన్నాను.

7, సోమవారం
అపార్ట్‌మెంట్ మొత్తానికి బీపీ.

8
సొంతంగా వాడితే ప్రమాదమని పేద్ద మెసేజ్ రాశాను. అప్పలరాజు గారు లిఫ్టులో పట్టుకున్నారు. "ప్రమాదవంటే బాగా పవరున్నట్టే కదా మాస్టారూ. పరగడుపునా, తిన్నాకా?" ఆదివారం గునపం తెస్తారట…

9
అబద్ధమాడాను. పొరబడ్డాను, అది సర్పగంధి కాదు, ఉత్త పిచ్చిమొక్క అని గ్రూపులో పెట్టాను. మా ఆవిడ పద్మ — "ఇన్నేళ్ళు బోటనీ సెప్పి, మొక్కేదో పిచ్చిమొక్కేదో తెలీదా అని నవ్వుతన్నారండీ." నవ్వనీ. మొక్క బతికింది. హాయిగా నిద్రపోతాను.

11, శుక్రవారం
లిఫ్టు దగ్గర నోటీసు. ఆదివారం శ్రమదానం, కొండ మీద పిచ్చిమొక్కల తొలగింపు. బండ దగ్గర మొదలు. సమాచారం ఇచ్చినందుకు నాకు కృతజ్ఞతలు కూడా.
ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే వేరు కోసం తవ్వుతారు. అబద్ధం మీద నిలబడితే చెత్తలో వేస్తారు.

12
ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. సోమవారం వచ్చి కంచె వేస్తారట. రేపొక్కరోజు గట్టెక్కితే చాలు.

13, ఆదివారం
అందరికన్నా ముందే వెళ్ళి మొక్కకి అడ్డంగా కూర్చున్నాను. అప్పలరాజు గారు కొడవలితో వచ్చారు. "ఏటి మాస్టారూ, కూలబడిపోనారు?" కాలు బెణికింది, లేవలేను అన్నాను. పని అయ్యేదాకా కదలకూడదని నా పథకం.
ఎంత మంచివాళ్ళో. ఇద్దరు చేతులు కుర్చీలా కలిపి నన్ను ఎత్తేశారు. వద్దు మొర్రో అన్నా వినరే. కిందకి దింపుతుంటే పైనుంచి అప్పలరాజు గారి గొంతు — "మీరు పదండి. మాస్టారు కూకున్న సోట బాగుసేసి ఒత్తాను. మళ్ళీ ఎవులి కాలూ మడత పడకూడదు."
పద్మ నా బాగున్న కాలికి కట్టు కడుతోంది. కిటికీలోంచి కొండే చూస్తున్నాను. భయంగా ఉంది. ఆయన ఇంకా దిగి రాలేదు.