సబ్బు తగలని చేయి

ఫిబ్రవరి 3, సోమవారం

కారం చచ్చిపోయింది. ఎర్ర చేప. పొద్దున లైటు వేస్తే తొట్టిలో పైన తేలుతోంది. నిన్న సాయంత్రం బాగానే ఉంది. నా వేలి దగ్గరికి వచ్చి మూతి ఆనించింది కూడా.

ఈ డైరీ కొత్త సంవత్సరం రోజు చర్చిలో ఇచ్చారు. ఐదో తరగతి చదివినదాన్ని, ఇంత పుస్తకం నాకెందుకు అనుకున్నాను.

చేపలు మా స్తుతివి. నవంబరులో డెంగీ జ్వరంతో పోయింది నా పిల్ల. పదేళ్ళు. వాళ్ళ నాన్నతో గొడవపడి చిలకలూరిపేటలో మాలిక్ కొట్టులో కొనిపించుకుంది. పేర్లూ అదే పెట్టింది. ఎర్రది కారం. తెల్లది పత్తి. చిన్నది బుల్లోడు. ఎప్పుడూ నోరు తెరుస్తూ మూస్తూ ఉండే నల్లదానికి పాస్టరుగారు. చర్చిలో నిజం పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే పిల్లకి నవ్వు ఆగేది కాదు. నేను తొడ మీద గిల్లేదాన్ని.

గిల్లకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 4

మిగతావి బాగున్నాయి. కోతకి పోయాను.

ఫిబ్రవరి 6

పత్తి కూడా పోయింది. పక్కకి ఒరిగి, గుండ్రంగా తిరిగి తిరిగి కింద పడింది.

మిరపకోతలో నా పక్క సాలు కరీమున్‌ది. దిగులు పడకు వదినా, ఇంటికి వచ్చే కీడు చేపలు తీసుకుపోతాయంట అంది. అయితే నవంబరులోనే పోవాల్సింది కదా అన్నాను. కాయలు కోసుకుంటూ ముందుకి పోయాను.

ఫిబ్రవరి 7

మాలిక్‌కి ఫోన్ చేశాను. ఏం నీళ్ళు పోస్తున్నావమ్మా అన్నాడు. పంపు నీళ్ళే, ఒక రోజు నిలవ పెట్టి పోస్తున్నా అన్నాను. మోటరు ఆడుతోందా, మేత ఎక్కువేస్తున్నావా, చేతులు గాని పెడుతున్నావా అన్నాడు. సబ్బు చేతులు ఎప్పుడూ పెట్టలేదు అన్నాను, గట్టిగానే. స్తుతి నాకు నేర్పిన మొదటి మాట అది. అమ్మా, సబ్బు తగిలితే చచ్చిపోతాయి, ఉత్త నీళ్ళతో కడుక్కో అనేది. అట్లాగే కడుక్కుంటున్నాను. అయితే నాకూ అంతుపట్టట్లేదమ్మా, సగం నీళ్ళు మార్చి చూడు అన్నాడు.

వాటికి వేలు అలవాటు చేసింది స్తుతే. క్రిస్మస్ దాకా నేను ఆ తొట్టి వైపు చూడలేదు. మా ఆయన జయపాలే మేత వేసేవాడు. కోతలు మొదలయ్యాక ఒకరోజు ఇంటికి వచ్చి ఊరికే వేలు పెట్టాను. నాలుగూ వచ్చాయి. పిల్ల వేలనుకున్నాయో ఏమో. అప్పటి నుంచి పని నుంచి రాగానే ముందు అదే. స్నానం కూడా తర్వాతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

బుల్లోడు. చర్చికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 11

నిన్న ఆసామి చేలో తామరపురుగుకి మళ్ళీ మందు కొట్టించాడు, నెలాఖరు నుంచి ఇది మూడోసారి. ఇవాళ అదే చేలో కోత. మంట పుట్టకుండా ఎప్పటిలాగే చేతులకి కొబ్బరినూనె పట్టించుకుని దిగాం. మంచినీళ్ళ కోసం గట్టెక్కితే, మందు ట్యాంకు కడిగిన గుంటలో కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. అక్కడే నిలబడిపోయాను. ఏం వదినా, కూరొండుతావా ఏంటి, రా, నీ సాలు వెనకబడింది అని కరీమున్ అరిచింది. అందరూ నవ్వారు.

నా చేతులు చూసుకున్నాను. నూనె. నూనెకి అంటుకున్న మందు. ఉత్త నీళ్ళకి అది పోతుందా?

నేనే. మూడింటినీ నేనే చంపాను.

అదే రోజు, సాయంత్రం

సబ్బుతో కడిగాను. బట్టల సబ్బుతో మళ్ళీ కడిగాను.

ఈ చేత్తోనే స్తుతికి ముద్దలు పెట్టేదాన్ని. పోయినేడు కోతల్లో కూడా. బడి నుంచి వచ్చి అమ్మా ఆకలే అంటే, చీర కూడా మార్చుకోకుండా గిన్నె తీసుకుని కూర్చునేదాన్ని. అప్పుడు చేతులు ఎట్లా కడిగానో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావట్లేదు. సబ్బుతోనా? సబ్బుతోనేనా?

ఫిబ్రవరి 12

పనికి పోలేదు. తొట్టి దగ్గరికి కూడా పోలేదు.

ఫిబ్రవరి 13

జయపాల్ జిన్నింగు మిల్లు నుంచి వచ్చాడు, మీసాల నిండా దూది. చెప్పేశాను. చేపల సంగతి, ముద్దల సంగతి. పిచ్చిదానా, అది డెంగీ అని గుంటూరు డాక్టరు చెప్పాడు కదే, దోమ కుట్టి వచ్చింది, నీ చేయేం చేసింది అన్నాడు. చేపలు పోతుంటే కూడా నా చేయే అని ఎవరూ చెప్పలేదుగా అన్నాను. దానికి పెడుతూ నాకూ ఒక ముద్ద పెట్టేదానివి, నేను చచ్చానా, దున్నపోతులా ఉన్నాగా అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చాడు. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. నాకు మాత్రం లోపలికి దిగట్లేదు.

ఫిబ్రవరి 15

నీళ్ళన్నీ జయపాలే మార్చాడు. రాళ్ళు కూడా కడిగాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పాస్టరుగారు ఒక్కడే మిగిలాడు. ఆయన పిరికివాడు, వేలి దగ్గరికి అందరికన్నా ఆఖరున వచ్చేవాడు. మూలకి చేరి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది.

ఫిబ్రవరి 18

కోతకి పోయాను. పోకపోతే ఎట్లా గడుస్తుంది. నూనె మాత్రం రాసుకోలేదు. మధ్యాహ్నానికి చేతులు భగభగ మండాయి. మండనీ అనుకున్నాను. కరీమున్ కనిపెట్టి, ఎవరి మీదే ఈ పంతం అని తన నూనె సీసా తెచ్చి చేతులు లాక్కుని రాసింది. ఇంటికెళ్ళి సబ్బుతో బాగా రుద్దుకో, చేపల కోసం కాదు, నీ కోసం అంది. నేను తలూపాను. అప్పుడు గాని వదల్లేదు.

ఫిబ్రవరి 20

జయపాల్ కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నువ్వే కలిపి పెట్టు అన్నాడు. వద్దన్నాను. కదల్లేదు. వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. గోంగూర కలిపి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళాక చేయి ఆగిపోయింది. ఆయన నోరు తెరిచి అట్లాగే ఉన్నాడు. ఏమే, నన్ను కూడా పాస్టరుగార్ని చేస్తావా అన్నాడు.

పెట్టాను.

మార్చి 2, ఆదివారం

చెంచాతో మేత వేశాను. పాస్టరుగారు దాన్ని చూడలేదు. వేలి కోసం గాజు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, గాజుకి నా మూతి ఆనించాను. అవతలి నుంచి ఆయనా ఆనించాడు.